లిఫ్టు మేస్త్రి గురువారాలు

అందరికీ అతను లిఫ్టు మేస్త్రి. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు మొదలుకొని కంపెనీ మేనేజరు దాకా అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. యాభై ఒక్కేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా జనాన్ని పైకీ కిందికీ మోసే పెట్టెలకు వైద్యం చేస్తున్నాడు. మోటారు చప్పుడు విని రోగం చెప్పేవాడు. లిఫ్టు నడిచినన్నాళ్లూ దాన్ని బాగుచేసినవాడెవడో ఎవరికీ పట్టదు, ఆగిపోయినప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తాడు. అందుకు అతనికేం బాధ లేదు. "మనం గుర్తుకు రాలేదంటే పని బాగా చేసినట్టే," అని నవ్వేవాడు.

పెళ్లయి కాపురానికి వచ్చేటప్పుడు అతని భార్య బట్టల పెట్టెతో పాటు పన్నెండేళ్ల తమ్ముణ్నీ వెంటబెట్టుకొచ్చింది. వాడికి తల్లి లేదు, తండ్రి ఉన్నా లేనట్టే. కొత్త పెళ్లికొడుకు మొహం చిట్లించవలసిన సందర్భమే గాని మేస్త్రి చిట్లించలేదు. తమకు పిల్లలు పుట్టలేదు గనక ఆ ఇంట్లో పిల్లాడంటే వాడే అయ్యాడు. చదువు అబ్బలేదు. పంతొమ్మిదో ఏట మేస్త్రి వాణ్ని పనిలోకి తీసుకెళ్లి, స్పానరు పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పాడు. ఇప్పుడు వాడికి ముప్పై ఎనిమిది, ఇద్దరు ఆడపిల్లలు, రెండు వీధుల అవతల కాపురం. మేస్త్రికి బావమరిది గనక కంపెనీలో అందరికీ బావమరిదే. వాడికీ ఆ పిలుపు ఎంత అలవాటైపోయిందంటే, ఫోను ఎత్తి "బావమరిదిని మాట్లాడుతున్నా" అనేవాడు.

లిఫ్టు పనికి ఇద్దరుండాలి. ఒకడు మేడ మీద మోటారు గదిలో, ఒకడు అడుగున గోతిలో. గొయ్యంటే లిఫ్టు దారికి కింద ఉండే గుంత, మనిషి గుండెల లోతు. కిందివాడు అందులో దిగేముందు పైవాడు మెయిన్ స్విచ్ ఆపాలి, దానికి తాళం వెయ్యాలి, ఆ తాళంచెవి తెచ్చి గోతిలో దిగేవాడి జేబులో వెయ్యాలి. చెవి నీ జేబులో ఉందంటే నువ్వు బయటికొచ్చే దాకా ఆ లిఫ్టుని ఎవరూ కదపలేరు. కంపెనీ పుస్తకంలో ఈ నియమం ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. కానీ లిఫ్టు ఆపేశాక చెవి కిందికి తేవాలంటే మెట్ల మీద దిగాలి, మళ్లీ మెట్ల మీదే ఎక్కాలి. లిఫ్టులు బాగుచేసేవాళ్లకు మెట్లంటే మహా చిరాకు. అందుకని ఈ బావా బావమరుదులు ఏళ్ల కిందటే ఒక అడ్డదారి వేసుకున్నారు. వాకీటాకీలో మేస్త్రి "కట్టేశావా?" అంటాడు, బావమరిది "కట్టేశా, తాళం వేశా" అంటాడు. అంతే. ఆ అడ్డదారి కనిపెట్టింది మేస్త్రే. పైన ఉన్నది మనవాడే కదా, ఇంక చెవెందుకు అన్నది అతని ధీమా.

ఆ ధీమా ఒకరోజు పదకొండు గంటలకు పదకొండంతస్తుల భవనం అడుగున తీరిపోయింది. "కట్టేశా, తాళం వేశా" అన్న మాట విని మేస్త్రి గోతిలోకి దిగాడు. గోతిలోనూ ఒక ఆపే బటన్ ఉండాలి. ఉంది, పాడైపోయి ఉంది, కొత్తది ఇంకా రాలేదు. పిల్లలు తొంగిచూస్తారని తలుపు దగ్గరికి లాక్కున్నాడు. నడుము వంచి చెత్త ఎత్తుతుండగా పైన మోటారు కూసింది. ఆ చప్పుడు తెలియనివాడైతే ఏమిటా అని తలెత్తి చూసేవాడు, అక్కడితో సరి. మేస్త్రికి తెలుసు గనక నేలకు కరుచుకుపోయాడు. పెట్టె వచ్చి అతని వీపుకి మూరెడు ఎత్తున ఆగింది. అందులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి ఒకామె తీరిగ్గా చెబుతోంది, రెండో ఆమె అక్కడే నిలబడి వింటోంది. వాళ్ల చెప్పుల కింద ఒక మనిషి ఉన్నాడు. అరవబోయాడు, గొంతు రాలేదు. ఆ పాల కథ అయ్యే దాకా అతను ఆ చీకట్లో గ్రీజు వాసన పీలుస్తూ పడి ఉన్నాడు. పైనుంచి ఎవరో పిలిస్తే లిఫ్టు లేచి వెళ్లాకే బయటపడ్డాడు.

బావమరిది ఆ సమయంలో డాబా మీద ఫోను మాట్లాడుతున్నాడు. స్విచ్ దగ్గరికే వెళ్లలేదు. బావ అడిగాడు, అలవాటు కొద్దీ నోరు జవాబు చెప్పింది. కిందికొచ్చి సంగతి తెలిసి, మేస్త్రి కాళ్లావేళ్లా పడ్డాడు. "బావా, ఇది బయటికొస్తే నా ఉద్యోగం పోతుంది. పిల్లలు రోడ్డున పడతారు." మేస్త్రి వాణ్ని లేవదీసి, మొహం కడుక్కోమన్నాడు. "సరేలే. మీ అక్క చెవిన మాత్రం వెయ్యకు, తట్టుకోలేదు," అన్నాడు. రిజిస్టరులో సర్వీసు పూర్తి అని రాసి సంతకం పెట్టాడు. దాన్ని తన కడుపులో పెట్టుకుంటే అక్కడితో అయిపోతుందనుకున్నాడు.

అయిపోలేదు. మూడు వారాల తర్వాత, ఏ పనీ లేకుండా ఊరికే లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తుకి పోతుంటే గుండె దడదడలాడింది, చొక్కా తడిసి ముద్దయింది. రెండో అంతస్తులోనే దిగిపోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత స్నానాల గది తలుపు వేసుకోవడం మానేశాడు. అన్నం సయించదు, కంటి మీద కునుకు లేదు. మందుల షాపు నుంచి భార్య తెచ్చిన నిద్రమాత్రలు మొదట ఒకటి, తర్వాత రెండు. పొద్దున్నే మంచం దిగాలంటే ఎందుకు దిగాలి అనిపించేది. ఎప్పుడూ ఎవరినో ఒకర్ని ఆటపట్టించే మనిషి బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. భార్య పక్కింటివాళ్లతో "ఏమైందో ఏమోనండీ, ఉన్నట్టుండి ఇలా అయిపోయారు," అనేది.

పని మాత్రం మానలేదు. గోతిలోకి తను దిగలేక బావమరిదిని దింపేవాడు, తను పైన ఉండేవాడు. స్విచ్ ఆపి, తాళం వేసి, ఆ చెవి పట్టుకుని అన్ని మెట్లూ దిగొచ్చి వాడి జేబులో వేసి మళ్లీ ఎక్కేవాడు. రోజుకి మూడుసార్లైనా సరే. నోటితో ఒక్క మాట అనలేదు. "ఎందుకు బావా ఇదంతా, నన్ను ఎత్తిపొడవడానికా?" అన్నాడు వాడొకసారి. మేస్త్రి ఊపిరి ఎగబోస్తూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

కంపెనీ డాక్టరు గుండె పరీక్ష చేయించి, "గుండె బ్రహ్మాండంగా ఉంది. మీకు కావలసింది మందు కాదు, మాట," అని ఒక చీటీ రాసిచ్చాడు. మేస్త్రికి నవ్వొచ్చింది. లిఫ్టు రోపు అరిగిపోతే దాని పక్కన కూర్చుని కబుర్లు చెబితే బాగవుతుందా? అయినా చీటీ పట్టుకుని వెళ్లాడు.

కళ్లజోళ్ల షాపు మీద రెండో అంతస్తులో ఒక గది. ఆ భవనానికి లిఫ్టు లేదు, అందుకు మేస్త్రి ఎంతో సంతోషించాడు. రెండు కుర్చీలు, ఒక బల్ల, కాగితం రుమాళ్ల డబ్బా. ఎదురుగా కూర్చునే ఆమెకు నలభై ఏళ్లుంటాయి. చేతిలో పెన్ను తప్ప పనిముట్టన్నది లేదు. చెప్పే ప్రతిదానికీ "ఊఁ" అనేది. మేస్త్రి మనసులో ఆమెకు ఊఁ మేడమ్ అని పేరు పెట్టేశాడు.

మొదటి గురువారం ఆమె ఒక కాగితం నింపింది. మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. సిగ్గేసి "లేదు" అన్నాడు. ఇక్కడ చెప్పింది ఈ గది దాటి పోదని, ప్రాణం మీదికొచ్చే పరిస్థితి అయితే తప్ప ఎవరికీ చెప్పనని ఆమె చెప్పింది. తర్వాత "చెప్పండి" అంది.

"ఏం చెప్పమంటారు?"

"మీకు తోచింది."

అతనికి తోచేది లిఫ్టులే. ముప్పావుగంట సేపు లిఫ్టుల పురాణం విప్పాడు. ఆమె విసుక్కోకపోగా, "రోపు తెగిపోతే?" అని అడిగింది.

"తెగదు మేడమ్. తెగినా ఒకటి కాదు కదా, ఆరుంటాయి. ఆరూ తెగినా పెట్టె కింద దవడల్లాంటివి ఉంటాయి, పట్టాల్ని కరిచి పట్టేస్తాయి. పడే ప్రసక్తే లేదు."

"ఇదంతా తెలిసిన మీకు లిఫ్టులో భయమెందుకేస్తోంది?"

"అదే కదా మేడమ్ తెలియనిది."

"సరే, వచ్చే గురువారం అక్కణ్నుంచి మొదలుపెడదాం," అంది ఊఁ మేడమ్.

అలా మొదలైంది. చిట్కాలేవో చెబుతుందనుకున్నాడు, చెప్పలేదు. జాలి చూపిస్తుందనుకున్నాడు, అదీ లేదు. అడిగేది, వినేది, విన్నది తన మాటల్లో మళ్లీ చెప్పి "అంతేనా?" అనేది. తను అన్న మాటే ఆమె నోట వింటే కొత్తగా ఉండేది. "ఇక నేను దేనికీ పనికిరాను" అని తను ఎన్నిసార్లు అంటున్నాడో ఆమె లెక్కపెట్టి చెప్పే దాకా అతనికి తెలియదు. "పనికిరాను అనడానికి ఆధారం ఏంటి?" అని లాయరులా నిలదీసేది. పొద్దున్నే లేచి చెయ్యవలసిన ఒకే ఒక్క చిన్న పని కాగితం మీద రాసుకోమనేది. మొదటి వారం ఆ పని గడ్డం గీసుకోవడం. ఏభై ఏళ్లు దాటినవాడికి ఇదో హోంవర్కా అని సణుక్కుంటూనే గీసుకున్నాడు.

ఇంకో పనీ పెట్టింది. మొదట లిఫ్టు ముందు నిలబడి ఊపిరి నిదానంగా వదలాలి, ఎక్కకూడదు. తర్వాత తలుపు తెరిచి ఉండగా లోపల నిలబడాలి. తర్వాత ఒక్క అంతస్తు. గుండె దడ వస్తే పారిపోకుండా అది తగ్గేదాకా అక్కడే ఉండాలి. "దడ దానంతటదే దిగుతుందా మేడమ్?" అంటే "మీరే చూసి నాకు చెప్పండి" అంది. చూశాడు. మొదటిసారి పన్నెండు నిమిషాలు పట్టింది, నాలుగోసారి ఐదు. కొత్త మోటారు పరీక్షించినట్టు అతను ఆ నిమిషాలు రాసుకునేవాడు.

ఇంత జరుగుతున్నా అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి మాట దాటేసేవాడు. గోతి సంగతి చెప్పాడు గాని, స్విచ్ పాడైందని చెప్పాడు. "ఆ రోజు పైన ఎవరున్నారు?" అని ఆమె అడిగితే పాలు పొంగిన కథలోకి వెళ్లిపోయేవాడు. ఆమె రెట్టించలేదు. తొమ్మిదో గురువారం అడక్కుండానే అతని నోటి నుంచి వచ్చేసింది.

"స్విచ్ బానే ఉంది మేడమ్. నా బావమరిది ఆపలేదు. ఆపానని చెప్పాడు."

ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాడు. గోతిలో పడి ఉన్నప్పుడు తనను పట్టి పీడించింది చచ్చిపోతానన్న భయం కాదని, పైన ఉన్నది మనవాడే కదా ఎలా కదిలింది అన్న ప్రశ్న అని చెప్పాడు. తాళంచెవి అడ్డదారి తనదే కాబట్టి తప్పు తనదేనని, వాణ్ని అనే హక్కు తనకు లేదని కూడా అన్నాడు.

"అడ్డదారి మీది. ఆపానని అబద్ధం చెప్పింది మీరు కాదు," అంది ఊఁ మేడమ్. "ఈ రెండూ వేరు వేరుగా పెట్టి చూడండి."

ఆ రాత్రి మాత్ర లేకుండా నిద్రపట్టింది. మర్నాడు స్నానాల గది తలుపు వేసుకుని, లోపల ఏదో పాట కూనిరాగం తీశాడు. టీ కొట్టువాడితో "నీ టీ తాగితే నిద్ర రాదంటారే, నాకు నిలబడే వచ్చేస్తోంది," అన్నాడు. నోరు విప్పి చెప్పుకుంటే బరువు దిగుతుందన్నది ఇన్నాళ్లూ అతనికి వట్టి మాట, ఇప్పుడు ఒంటికి తెలిసింది.

భార్యకు మాత్రం ఈ గురువారాలు మొదటినుంచీ గిట్టేవి కావు. "బయటివాళ్ల ముందు ఇంటి సంగతులన్నీ ఏకరువు పెట్టడం ఏంటండీ?" అనేది. సరిగ్గా గురువారం నాలుగింటికే ఆమెకు బజారు పని, బంధువుల పని తగిలేవి. అయినా వెళ్లొస్తే ఎదురొచ్చి "ఈ వేళ ఏం అడిగారు? మీరేం చెప్పారు?" అని ఆరా తీసేది. అరగంటలో బావమరిది ఫోను. "ఎలా ఉంది బావా? ఏమంటోంది మీ మేడమ్?" అక్కాతమ్ముళ్లిద్దరికీ తనంటే ఎంత ప్రేమో అని మేస్త్రి మురిసిపోయేవాడు. తొమ్మిదో గురువారం అతనే ఉత్సాహం పట్టలేక, "ఈ వేళ లోపలున్నదంతా కక్కేశాను. ప్రాణం హాయిగా ఉంది," అన్నాడు భార్యతో. ఏం కక్కాడో చెప్పలేదు. ఆమె ఆ పూట ఇంకేమీ అడగలేదు.

రెండు వారాలకు ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. టైపు చేసిన ఫిర్యాదు, పేరున్న చోట నల్లటి గీత. మీ సీనియర్ మెకానిక్ మానసిక స్థితి బాగోలేదని, ఫలానా భవనం ఎనిమిదో అంతస్తులో చేతులు వణికి పని ఆపేశాడని, రోజూ రెండు నిద్రమాత్రలు మింగి మత్తుతో డ్యూటీకి వస్తున్నాడని అందులో ఉంది. చివర ఇంకో వాక్యం: ఆ స్థితిలో అతను తోటివారి మీద లేనిపోని నిందలు వేసే అవకాశం ఉంది, వాటిని నమ్మవద్దు.

"సోమవారం పదింటికి విచారణ," అన్నాడు ఆఫీసరు. "మీరు ఫిట్ కాదని తేలితే ఇక లిఫ్టుల దగ్గరికి పంపలేను మేస్త్రీ. గోడౌన్లో వేస్తాను. ఎవరు రాశారని అడక్కండి."

గోడౌన్ అంటే బోల్టులు డబ్బాల్లో సర్దే పని. ముప్పై ఏళ్ల పనితనం అట్టపెట్టెల మధ్యకు పోతుంది. అంతకన్నా అతన్ని కాల్చేసింది ఇంకొకటి. తన గోడు చెప్పుకున్నది ఒక్క చోటే. మళ్లీ గురువారం నాలుగింటికి మెట్లు రెండేసి ఎక్కి, కూర్చోకుండానే కాగితం బల్ల మీద పడేశాడు.

"గది దాటి పోదన్నారు. బాగా దాటింది మేడమ్."

ఆమె మొహం ఎర్రబడింది గాని గొంతు పెంచలేదు. "నేను ఎవరికీ చెప్పలేదు. మీరు నమ్మకపోవడంలో తప్పు లేదు. ఒక్కసారి పైకి చదవండి, ఒక్కో మాటా నాకెప్పుడు చెప్పారో ఇద్దరం చూద్దాం."

చదివాడు. ఎనిమిదో అంతస్తు సంగతి ఆమె పుస్తకంలో లేదు. ఆ రోజు అక్కడున్నది ఇద్దరే, తనూ బావమరిదీ. మేస్త్రి తర్వాతి మాటకు వెళ్లాడు. రోజూ రెండు నిద్రమాత్రలు. ఆమె మొదటి రోజు నింపిన కాగితం తీసి అతని వైపు తిప్పింది. మందులు: లేవు.

"ఈ మాత్రల సంగతి నేనిప్పుడే వింటున్నాను," అంది. "ఇది ఎవరికి తెలుసు?"

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. ఆ మాత్రలు తెచ్చింది ఒక మనిషి, వంటింటి డబ్బాలో దాచింది ఆ మనిషే. మూడో ప్రాణికి తెలియదు.

"నా భార్యకి," అన్నాడు. వెంటనే తనే సర్ది చెప్పుకున్నాడు. "దాని తప్పేం లేదు మేడమ్. భయపడి తమ్ముడితో చెప్పుకుని ఉంటుంది. వాడు దాన్ని ఇలా వాడుకుంటాడని దానికేం తెలుసు? గోతి సంగతి దానికి తెలియదు. తెలిస్తే వాడి మొహం చూస్తుందా?" తను పెంచినవాడు తన కాళ్ల కింద గొయ్యి తవ్వాడంటే అప్పటికే కళ్లు తిరుగుతున్నాయి. ఇంకో పేరు ఆ పక్కన పెట్టడానికి మనసు ఒప్పుకోలేదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"అది నేను చెప్పేది కాదు. ఏం చేస్తే ఏమవుతుందో ఇద్దరం కలిసి చూడగలం."

ఇలాంటప్పుడు ఆమెను చూస్తే అతనికి ఒళ్లు మండేది. అయినా చూశారు. నోరు మూసుకుంటే గోడౌన్, ఆ రోజు కడుపులో పెట్టుకున్నది జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. చెబితే వాడి ఉద్యోగానికి ముప్పు, తాళంచెవి విషయంలో తనకూ శిక్ష, ఇంట్లో భార్య గుండె పగిలిపోతుంది. అతన్ని అన్నిటికన్నా బాధపెట్టింది చివరిదే. ఆ గంటలో మిగిలిన సమయమంతా భార్యకు ఎలా చెప్పాలన్నదే మాట్లాడాడు. మొదటి వాక్యం నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు. ఆమెను ముందు కూర్చోబెట్టాలి, మెల్లగా చెప్పాలి, తమ్ముణ్ని తిట్టకూడదు. ఊఁ మేడమ్ ప్రతిసారీ "ఇప్పుడు మీ ఛాతీలో ఎలా ఉంది?" అని అడిగింది. నాలుగోసారికి "పర్లేదు" అన్నాడు.

సోమవారం విచారణలో మేస్త్రి గొంతు సన్నగా ఉంది, కానీ ఉంది.

"చేతులు వణికిన మాట నిజం. మాత్రలు వేసుకున్న మాట నిజం, ఆపేసి రెండు వారాలు దాటింది. ఎందుకు వణికాయో అందులో రాయలేదు. అది నేను చెప్తాను."

చెప్పాడు. పదకొండంతస్తుల భవనం, తేదీ, గంట, పాడైన బటన్, రిజిస్టరులో తను రాసిన అబద్ధం. తాళంచెవి అడ్డదారి తనదేనని ముందుగానే ఒప్పుకున్నాడు. ఆఫీసరు రాసుకుంటూ పోయి, బావమరిదిని లోపలికి పిలిచాడు. వాడు మేస్త్రి వైపు చూడకుండా నిలబడ్డాడు.

"బావకి ఒంట్లో బాగోలేదు సార్. ఏవేవో ఊహించుకుంటున్నాడు. నేను ఆ రోజు స్విచ్ ఆపాను, తాళం కూడా వేశాను."

"మరి తాళంచెవి?"

"నా జేబులోనే పెట్టుకున్నాను సార్. సాయంత్రం దాకా నా దగ్గరే ఉంది."

"గోతిలో దిగింది ఆయనైతే చెవి నీ జేబులో ఎందుకుంది?" అన్నాడు ఆఫీసరు. "స్విచ్ ఆపి తాళం వేసి చెవి నువ్వే ఉంచుకుంటే, లిఫ్టు ఎలా కదిలింది?"

"కదల్లేదు సార్."

"ఆరో అంతస్తు నుంచి ఇద్దరు ఆడవాళ్లు అందులోనే దిగారు," అన్నాడు మేస్త్రి. "వాళ్లని అడగొచ్చు. ఒకావిడ ఇంట్లో ఆ రోజు పాలు పొంగాయి."

ఆఫీసరు పెన్ను మూసి, విచారణ తేలేదాకా ఇద్దరూ ఇంటి దగ్గరే ఉండాలన్నాడు. బయటికొచ్చాక బావమరిది వరండాలో గోడ పక్కగా నడుచుకుంటూ పోయాడు. పన్నెండేళ్లప్పుడు వాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినవాడు, ఇప్పుడు వాడి వీపు కనుమరుగయ్యే దాకా చూశాడు. కాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత భార్య గుర్తొచ్చింది. వాడు ఫోను చేసేలోపు తనే చెప్పాలని ఆటో ఎక్కాడు.

ఇంటికి చేరేసరికి ఒంటిగంటన్నర. ఆమె ముందుగదిలో ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద అతని యూనిఫాం చొక్కా. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన వాక్యం మేస్త్రి నోట్లో సిద్ధంగా ఉంది. చెప్పులు విప్పి, ఆమెకు కుర్చీ జరిపాడు.

"నీకు చెప్పకుండా దాచిందొకటుంది. తప్పు నాదే. కూర్చో, నిదానంగా చెప్తాను."

ఆమె కూర్చోలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్ ఆపింది.

"ఆఫీసులో చెప్పేశారా?" అంది.

మేస్త్రికి అర్థం కాలేదు. "ఏం చెప్పేశానని?"

"గోతి సంగతి. తమ్ముడి సంగతి."

"నీకెలా తెలుసు?"

"వాడే చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నమే వచ్చాడు, మీకంటే ముందు. నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు." ఆమె చొక్కా కాలరు వేలితో సవరిస్తోంది. "మొన్న మీరు ఆ మేడమ్ దగ్గర అంతా కక్కేశానన్నాక, ఇక ఆఫీసులోనూ చెప్పేస్తారని హడలిపోయాడండీ. నేనే అన్నాను, ముందుగా ఓ కాగితం రాసిపెట్టు అని."

గోతిలోంచి బయటపడిన ఆ రోజు సాయంత్రం మేస్త్రి ఇంటికొచ్చి, పని తొందరగా అయిపోయిందని నవ్వుతూ అబద్ధం చెప్పాడు. ఆమె మంచిదంటూ కంచం పెట్టింది. ఆమెకు తెలియకూడదనే అతను నాలుగు నెలలు పళ్ల బిగువున మోశాడు. అతను మోస్తున్నది ఆమె అన్ని రోజులూ చూస్తూనే ఉంది. రోజూ రెండు మాత్రలు అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, పక్కింటికి వెళ్లి ఏమైందో ఏమో అంది. అన్నీ ఇప్పుడు ఒక్కసారిగా అతని ముందు వరుసకట్టాయి. పారిపోకుండా, కుర్చీ వీపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటారు నన్ను?" అంది ఆమె, ఏడుపు గొంతుతో. "వాడికి ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పోతే ఏమైపోతారు? అయినా దేవుడి దయ, మీకేం కాలేదు కదా."

"అయింది," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు నుంచీ అవుతూనే ఉంది. నువ్వు పక్కనే ఉన్నావు."